జాహ్నవి చెయ్యి పడితేనే

పరీక్షలు అయిపోయి దసరా సెలవులు ఇంకా ఇవ్వని ఆ నాలుగైదు రోజులు బడి ఎవరి మాటా వినదు. టీచర్లు వరండాలో కుర్చీలు వేసుకుని పేపర్లు దిద్దుతుంటారు. పిల్లలు హాజరు పలికి గ్రౌండులో తేలుతుంటారు. చౌడేపల్లెకు కాస్త ఇవతల, రోడ్డు పక్కనున్న ఆ హైస్కూలులో మగపిల్లలు గ్రౌండు ముప్పాతిక భాగం క్రికెట్‌కు తీసుకున్నారు. మిగిలిన మూలలో, నీళ్ల ట్యాంకు పక్కన, ఆడపిల్లలు సున్నంతో గీతలు గీసుకుని ఖోఖో ఆడుతున్నారు. గ్రౌండును అలా పంచింది ఎవరని అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఎప్పుడూ అంతే.

ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి వరసగా గొంతుక్కూర్చున్నారు. తొమ్మిదో పిల్ల తరుముతోంది. తప్పించుకుంటున్నది జాహ్నవి. తొమ్మిదో తరగతి పిల్ల. పరుగులో ఆమెను మించిన వాళ్లున్నారు, ఆమె స్నేహితురాలు ఉషా కూడా మించుతుంది. కానీ జాహ్నవికి తొందర లేదు. తరిమే పిల్ల చెయ్యి చాచి, ఇక అందింది అనుకునేదాకా ఆగుతుంది. అప్పుడు నడుము కాస్త వంచి, కూర్చున్న ఇద్దరి మధ్య సందులోంచి అవతలికి జారుకుంటుంది. తరిమిన పిల్ల గాలిని పట్టుకుని నిలబడిపోతుంది.

దీప మేడం విజిల్ ఊది ఆట ఆపింది. ఆమె ఆ బడికి పీఈటీ. పుంగనూరు నుంచి స్కూటీ మీద వస్తుంది. మదనపల్లెలో డివిజన్ జట్టును ఏరినప్పుడు ఈ బడి నుంచి జాహ్నవిని తీసుకున్నారు, ఉషాను అదనపు ఆటగత్తెగా పెట్టారు. జట్టును నడిపే పని దీప మేడంకే అప్పగించారు. ఇక కుప్పంలో ఉమ్మడి జిల్లా పోటీలు. అక్కడ మెరిసిన వాళ్లతో జిల్లా జట్టు కడతారు. ఆ జట్టు రాష్ట్రం పోటీలకు పోతుంది.

"గురువారం పొద్దున బయలుదేరాల. రెండు రాత్రులు ఆడే. ఇంట్లో చెప్పినావా?"

జాహ్నవి మోకాలికి అంటిన మట్టిని గీక్కుంది. "ఈ పొద్దు చెప్తా మేడం."

"ఈ మాట పోయిన వారం నుంచి చెప్తాండావు."

జాహ్నవి ఇంట్లో చెప్పడానికి భయపడింది నాన్న కోపానికి కాదు. వాళ్ల నాన్న లక్ష్మీపతి కోపిష్టి మనిషి కాడు. ఆయన ఏమడుగుతాడో ఆమెకు ముందే తెలుసు.

సాయంత్రం పుస్తకాల సంచి గోడకు తగిలించి, యూనిఫాం విప్పి, పాలు పిండేటప్పుడు వేసుకునే పాత నైటీ తొడుక్కుంది. నీలం రంగు పోయి బూడిద రంగుకు తిరిగిన నైటీ అది. పేడ వాసన, పాల వాసన, తవుడు వాసన కలిసిపోయి ఉంటాయి. కొట్టంలో రెండు ఆవులు. నల్లమచ్చల ముసలావు సాధువు, ఎవరు కూర్చున్నా ఇస్తుంది. దాన్ని లక్ష్మీపతి పిండుతాడు. రెండోది ఎర్రావు, తొలిచూలు. ఈనిన కొత్తలో లక్ష్మీపతి కూర్చుంటే తొడ మీద తన్నింది, వారం రోజులు కుంటాడు. కాలేజీలో చదివే అన్న మహేష్ ఒకసారి కూర్చుని, బకెట్టు ఎగిరిపడగానే లేచాడు, మళ్లీ ఆ వైపు రాలేదు. తల్లి చెంగమ్మ కొట్టంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది కానీ పట్టు రాలేదు. మిగిలింది జాహ్నవి. దూడగా ఉన్నప్పటి నుంచి తన చేత్తో తవుడు తిన్న ఆవు, ఆమె పక్కన కూర్చుని పొదుగు నిమరగానే చేపింది. పాలు పొదుగులోకి దిగి చన్నులు బిర్రుగా లేచాయి.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక మాట పుట్టింది. పాల కేంద్రంలోనూ, చుట్టాల దగ్గరా లక్ష్మీపతి ఆ మాట గొప్పగా చెప్పేవాడు. "మా ఎర్రావు జాహ్నవి చెయ్యి పడితేనే చేపుతాది." వింటే జాహ్నవికీ గొప్పగానే ఉండేది. ఆ గొప్ప కోసం రోజూ తెల్లవారకముందే లేవాలని, సాయంత్రం ఆట మధ్యలో ఇంటికి పరుగెత్తాలని ఆమెకు తర్వాత్తర్వాత అర్థమైంది.

పాలు పిండుతూనే, ముఖం ఆవు డొక్కకు ఆనించి అడిగింది. అటువైపు నాన్న ముఖం కనబడకపోతే అడగడం తేలిక.

"నాయనా, కుప్పంలో పోటీలు. రెండు రాత్రులు ఆడే ఉండల్ల."

"పో. మంచిదే గదా." లక్ష్మీపతి ముసలావు పొదుగు తుడుస్తున్నాడు. తుడిచిన గుడ్డ పిండి గుంజ మీద ఆరేశాడు. తర్వాత ఆయన అన్నాడు. "మళ్ల ఎర్రావునెవరు పిండేది?"

అదే ప్రశ్న. వారం రోజులుగా ఆమె తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న.

"ఒక పూట పిండకుంటేనే పొదుగు గట్టి పడతాది. వాపొచ్చి ఒక చన్ను పోయిందంటే ఇంక ఆవు ఆవు గాదు. నువ్వే చెప్పమ్మా, ఏం చేద్దాము?"

ఆయన తిట్టి ఉంటే ఏడ్చి గోల చేసేది. ఆయన నిజంగానే సలహా అడిగాడు. అరుగు మీద మహేష్ సెల్లులో స్నేహితులతో మాట్లాడుతున్నాడు. ఆదివారం బైకుల మీద హార్స్లీ హిల్స్ పోతారట. ఆ సంగతి పొద్దున్నే చెప్పాడు. నాన్న నిదానంగా తోలుకోమన్నాడు, అంతే. అన్న ఎక్కడికి పోవాలన్నా ఆవును అడగనక్కరలేదు.

మర్నాడు సాయంత్రం దీప మేడమే ఇంటికొచ్చింది. చెంగమ్మ కుర్చీ తుడిచి వేసి, కాఫీ ఇచ్చింది. లక్ష్మీపతి తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, దూరంగా నిలబడి మాట్లాడాడు.

"మీరు ఇంత దూరం వచ్చినారు, కాదనేకి నాకూ బాధగా ఉండాది మేడం. అది నోరు లేని జీవం. దానికి సెలవులని చెప్పేకి అయ్యేలేదు గదా."

"రెండు దినాలే గదా సార్. ఇంట్లో ఇంకెవరూ పిండలేరా?"

"మా పాప చెయ్యి పడితేనే చేపుతాది మేడం." ఇలాంటి సమయంలో కూడా ఆ మాటలో కాస్త గర్వం వినబడింది. గుమ్మం వెనక నిలబడిన జాహ్నవికి మొదటిసారి ఆ మాట మీద ఒళ్లు మండింది.

మేడం గ్లాసు కింద పెట్టింది. పోయేటప్పుడు జాహ్నవి దగ్గర ఆగి, మెల్లగా అంది. "రేపు సాయంత్రం లోపల చెప్పు. లేకుంటే నీ చోట ఉషాను ఆడిస్తా. నాకూ వేరే దారి లేదమ్మా."

స్కూటీ రోడ్డెక్కింది. చెంగమ్మ కాఫీ గ్లాసు ఎడమచేత్తో కడుగుతూ, ఎవరితోనూ కానట్టు అంది.

"మా పెద్దపంజాణిలో మా చిన్నమ్మ కానుపయినప్పుడు, వాళ్ల బర్రె ఎవర్నీ రానీలేదు. మా చిన్నాయన చిన్నమ్మ చీర కప్పుకోని పిండినాడు. ఉతకని చీర. వాసన పట్టి ఆయమ్మే అనుకునింది బర్రె."

లక్ష్మీపతి నవ్వాడు. "నన్నేమి, నైటీ ఏసుకోమంటావా?"

"నువ్వెందుకు? వీడు ఉండాడు గదా." చెంగమ్మ తల అరుగు వైపు తిప్పింది.

మహేష్ సెల్లులోంచి తలెత్తి ఇద్దరినీ చూశాడు. ఎగతాళి చేస్తున్నారనుకున్నాడు. కాదని తెలిశాక లేచి వెళ్లిపోబోయాడు. అప్పుడు చెంగమ్మ, ఎన్నడూ కొడుకు మాట కాదనని మనిషి, ఒక్క మాటంది. "రేపు సాయంత్రం నువ్వు కూసోకుంటే, ఆదివారం బండి తాళం నీకు దొరకదు."

బుధవారం సాయంత్రం కొట్టం ముందు జరిగింది చూసి జాహ్నవి చున్నీ నోట్లో కుక్కుకుంది. ట్రాక్ ప్యాంటు మీద నైటీ వేసుకుని మహేష్ గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. మీసాలు అప్పుడే మొలుస్తున్న ముఖం ఎర్రబడింది. నైటీ మోకాళ్ల దగ్గర బిగిసి, కూర్చోవడానికి రావడం లేదు. చెంగమ్మ వంగి కుట్టు కాస్త చించింది.

ఎర్రావు తల తిప్పి చూసింది. భుజం మీద మూతి పెట్టి వాసన పట్టింది. కాలు ఒకసారి లేపింది. జాహ్నవికి నవ్వు ఆగిపోయింది. చించిన గుడ్డ, అన్న మీసాలు, అన్నీ మరిచిపోయి ఆ కాలునే చూసింది. కాలు మళ్లీ నేల మీదికి దిగింది. మహేష్ వేళ్లు చన్నుల మీద తడబడ్డాయి, అయినా కాసేపటికి బకెట్టు అడుగున సన్నగా ధార మోగింది.

"చేపింది," అంది చెంగమ్మ.

లక్ష్మీపతి ఆవునూ కొడుకునూ చూసి, కూతురి వైపు తిరిగాడు. "సరే పో. నేను వద్దనను. కానీ ఒకటి. దానికేమన్నా అయితే నువ్వే జవాబు చెప్పల్ల."

"ఈ సంగతి యాడన్నా నోరిప్పినావంటే ఊరుకోను," అన్నాడు మహేష్ నైటీ విప్పుతూ.

జాహ్నవి రెంటికీ తల ఊపింది. రెండో మాట నిలబెట్టుకోలేకపోయింది. గురువారం పలమనేరు దాటక ముందే, బస్సులో ఉషా చెవిలో అంతా చెప్పేసింది. ఇద్దరూ ముందు సీటు కడ్డీకి తలలు ఆనించి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వారు. దీప మేడం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

కుప్పంలో వాళ్లకు ఒక బడి తరగతి గదులు ఇచ్చారు. బెంచీలు గోడకు జరిపి, చాపలు పరుచుకున్నారు. గ్రౌండుకు అటువైపు రైలు పోతే నేల అదిరింది. టీ కొట్టు దగ్గర తమిళం, కన్నడం, తెలుగు ఒకే నోట్లోంచి వచ్చేవి. ఆ సాయంత్రం మొదటి ఆటలో జాహ్నవి తప్పించుకుంటూనే ఉండిపోయింది, సమయం అయిపోయి విజిల్ వినబడిందే తప్ప ఆమెను ఎవరూ ముట్టుకోలేకపోయారు. గీత బయట తెల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన దీప మేడంను పిలిచి ఆ పిల్ల ఎవరని అడిగాడు. ఆయన జిల్లా జట్టును ఏరేవాళ్లలో ఒకడని మేడం తర్వాత చెప్పింది.

"ఇట్లే ఆడు. రేపు సెమీసులో ఇట్లే ఆడితే నీ పేరు ఉంటాది."

ఆ రాత్రి ఉషా ఇంటికి ఫోన్ చేసి, వాళ్లన్నకు నైటీ కథ చెప్పింది. ఉషా వాళ్లన్నా మహేషూ ఒకే కాలేజీ. ఆ పిల్లకు అందులో తప్పేమీ కనబడలేదు. జాహ్నవికి మాత్రం చాప మీద పడుకున్నాక కూడా వేళ్లు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి. కొట్టానికి దూరంగా గడిచిన సాయంత్రం ఆమెకు ఈ మధ్య ఇదే మొదటిది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మేడం సెల్లు అడిగి, ఇంట్లో ఉన్న ఒక్క సెల్లుకు చేసింది. మహేష్ ఎత్తాడు.

"ఎర్రావు బాగుండాదా అన్నా?"

"యాడ బాగుండాది? పొద్దున తన్నింది. చుక్క ఇయ్యల్యా. పొదుగు రాయి మాదిరి అయిపోయింది. నాయన డాక్టరు కోసం పోయినాడు."

"అన్నా, నిజంగానా?"

"నువ్వు ఆడుకో పో," అని పెట్టేశాడు.

మళ్లీ చేసింది. మోగి మోగి ఆగింది. ఇంకోసారీ అంతే. మేడం చెయ్యి చాచితే సెల్లు ఇచ్చేసింది. ఏమైందని మేడం అడిగితే ఏమీ లేదంది. ఆవుకు ఏమన్నా అయితే నువ్వే జవాబు అన్న నాన్న మాట చెవిలో ఉంది. మేడం ముందు ఏడిస్తే బస్సెక్కించి పంపేస్తుందేమో. పోవాలనీ ఉంది, ఆడాలనీ ఉంది. ఆమె బుర్ర ఆ రెంటి మధ్య తన్నుకులాడింది. పొదుగు వాపొస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పక్కింటి వాళ్ల ఆవుకు పోయినేడు వచ్చింది. ముట్టుకుంటే కాలేది, పాల బదులు చీము కలిసిన నీళ్లు వచ్చేవి. ఆవు రాత్రంతా అరిచింది.

ఎండ తగ్గాక సెమీస్ మొదలైంది. తప్పించుకునే మొదటి ముగ్గురిలో జాహ్నవి. విజిల్ పడింది. ఒక సందు, ఇంకో సందు, చివరి స్తంభం చుట్టూ ఒక మలుపు. శరీరం దాని పని అది చేసుకుపోతోంది. అంతలో గ్రౌండు గోడ అవతల పాల వ్యాను పోయింది, ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగాయి. పాల వేళ. జాహ్నవి తల ఆ వైపు తిరిగింది. రెప్పపాటే. వీపు మీద చెయ్యి పడింది.

విజిల్. ఆమె అక్కడే నిలబడింది. ఔటయిందని ఆమెకే ఆలస్యంగా తెలిసింది. బయటికి రా అని మేడం పిలుస్తుంటే నడిచి వచ్చి గీత పక్కన కూర్చుంది. తెల్ల టోపీ ఆయన ఏదో రాసుకుని, మిగిలిన ఇద్దరి వైపు చూపు తిప్పుకున్నాడు.

తర్వాతి విడతలో ఆమె బదులు మేడం ఉషాను దింపింది. ఉషా పడింది, లేచింది, మోచేతులు గీసుకుపోయినా ఆడింది. అయినా జట్టు కొంచెంలో ఓడింది. ఆ కొంచెం ఎవరిదో జాహ్నవికి ఎవరూ చెప్పనక్కరలేదు. శనివారం పొద్దున మైకులో జిల్లా జట్టు పేర్లు చదివారు. ఉషా పేరు వచ్చింది. జాహ్నవి పేరు రాలేదు. ఉషా ఏడుస్తూ మీద పడితే వీపు నిమిరింది. ఉషాకు చోటు దొరికిందని ఆమెకు సంతోషమే, అబద్ధం కాదు. తర్వాత ఒక్కతే గదిలోకి పోయి చాప చుట్టి సంచి సర్దుకుంది.

సాయంత్రం ఊరి దగ్గర ఆటో దిగి, సంచి అరుగు మీద పడేసి, చెప్పులతోనే కొట్టంలోకి పరుగెత్తింది.

లక్ష్మీపతి గళ్ల లుంగీ, తెల్ల బనీనుతో ఎర్రావు పక్కన కూర్చుని పాలు పిండుతున్నాడు. బకెట్టులో నురుగు పైదాకా వచ్చింది. ఆవు తవుడు నాకుతూ తీరికగా నిలబడి ఉంది. పొదుగు మెత్తగా, సగం ఖాళీగా వేలాడుతోంది. జాహ్నవి వంగి దాన్ని ముట్టుకుని చూసింది. వేడి లేదు.

"డాక్టరు ఏమన్నాడు నాయనా?"

"ఏ డాక్టరు?"

"ఆవు తన్నిందని, పొదుగు గట్టి పడిందని అన్న చెప్పినాడు."

"ల్యేదే. మీయన్న మొదటి పూట ఆ గుడ్డేసుకోని పిండినాడు. మళ్ల మీయమ్మ పండగ గుడ్డల్లో దాన్నీ నానబెట్టి ఉతికేసింది. ఇంగేం జేస్తాము, సూద్దామని నేనే కూసున్యా. రొంత ఎగిరింది. నేను లేయల్యా. చేపేసింది." ఆయన సంబరంగా నవ్వాడు. "కూసునే ఓపికుంటే ఎవరికైనా ఇస్తాది తల్లీ."

జాహ్నవి వెనక్కి తిరిగింది. మహేష్ కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఊరికే అంటి," అన్నాడు. "నువ్వు నైటీ సంగతి అందరికీ చెప్పించినావు గదా. కాలేజీ గ్రూపులో నా పేరు ఏం పెట్టినారో తెలుసా?"

"మళ్ల చేస్తే యాల ఎత్తల్యా?"

"సెల్లు ఛార్జింగులో పెట్టి బయటికి పోతి."

చెప్పింది తప్పే, ఆమె ఒప్పుకుంటుంది. కానీ రెండూ ఒకటి కాదు. ఆ మాట అనేలోపే లక్ష్మీపతి బకెట్టు పక్కకు జరిపాడు.

"గెలిచినారా?"

"ల్యేదు."

"పోనీలే. ఆటే గదా. రా, రొంత మిగిలుండాది, నువ్వు కూసో. రేపట్నుంచి మళ్ల నీకే. నీ చెయ్యి చెయ్యే."

ఎర్రావు మెడ చాచి ఆమె అరచెయ్యి వాసన చూసింది. జాహ్నవి దాని నుదురు గోకింది. దాని మీద ఆమెకు ఏ కోపమూ లేదు. అది ఎన్నడూ ఎవరికీ ఆ మాట చెప్పలేదు. ఏడాదిగా చెప్పింది వీళ్లు, నమ్మింది తను.

"నేను పిండను నాయనా. రేపట్నుంచి అన్న పిండుతాడు."

"వానికి చేతగాదమ్మా. చన్ను పట్టుకునేదే తెలీదు."

"నాకూ మొదట్లో తెలీదు."

లక్ష్మీపతి నొచ్చుకున్నట్టు చూశాడు. ఈ పిల్లకు ఏమయింది, ఏమన్నానని, అన్నట్టుంది ఆ చూపు. ఆయనకు నిజంగానే తెలియదు. గుమ్మంలో ఆరిన గుడ్డలు మడుస్తున్న చెంగమ్మకు ఎంత తెలిసిందో గానీ, కూతురి ముఖం చూసి, చేతిలోని నైటీ మడిచి పక్కన పెట్టింది.

"వాడే పిండుతాడు," అంది.

ఆదివారం తెల్లవారుజామున అలవాటు కొద్దీ జాహ్నవికి మెలకువ వచ్చింది. కొట్టంలో దూడ అరుస్తోంది. చెంగమ్మ మహేష్‌ను లేపుతోంది. హార్స్లీ హిల్స్ పోవాలని వాడు గొణిగాడు, పిండి పొమ్మని ఆమె అంది. తలుపు చప్పుడు. బకెట్టు చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ధార మొదలైంది, ఒకటి గట్టిగా, ఒకటి సన్నగా, మధ్యలో ఆగుతూ. వాడు చన్ను కొసన పట్టి లాగుతున్నాడు. పైన, మొదట్లో పట్టాలి. ఆవుకు నొప్పి. ఎర్రావు ఒకసారి అరిచింది. ఆ అరుపు తనకోసమేనని జాహ్నవికి తెలుసు.

లేచి నాలుగడుగులు వేస్తే కొట్టం. పోయి అన్నను పక్కకు జరిపి కూర్చుంటే చాలు, ఆవు ఊరుకుంటుంది, నాన్న సంతోషిస్తాడు. ఇల్లంతా మళ్లీ ఎప్పటిలా అయిపోతుంది. రేపూ, ఎల్లుండీ, సెలవులు అయిపోయి బడి తెరిచాక కూడా.

ఆమె దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది. వేళ్లు ముడుచుకుంటుంటే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కానీ లేవలేదు.